కొత్త నంబరు కూడా రాయించండి

హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్, యానాం... ఏ ఊళ్లో చూసినా ఇప్పుడు చాలా తెలుగు బడులకు సొంత వెబ్‌సైటు ఉంది. కొన్ని చోట్ల యాజమాన్య సంఘం, మరికొన్ని చోట్ల పూర్వ విద్యార్థులు ఏటా చందా వేసుకుని హోస్టింగ్ సొమ్ము కడుతున్నారు. ప్రవేశాల ప్రకటన, పరీక్షల తేదీలు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, దొరకని పాత పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు అన్నీ అక్కడే ఉంటాయి. పెద్ద నగరంలోని ఇంగ్లీషు మీడియం బడికి వెబ్‌సైటు గోడకు వేసిన రంగులాంటిది. అది లేకపోయినా పిల్లలు వస్తారు. మన సంగతి అలా కాదు. మన కుటుంబాలు ఒకే పేటలో ఉండవు. పది ఊళ్లలో, ఇరవై వీధుల్లో చెదిరి ఉంటాయి. ప్రవేశాల తేదీ వారికి సకాలంలో తెలియకపోతే ఆ బిడ్డ పక్క బడికి వెళ్లిపోతుంది. మళ్లీ రాదు.

ఒక్క బిడ్డే కదా అనుకోవడానికి లేదు. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క పెట్టింది. బడి మొత్తం మీద 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది ఆ భాష పిల్లలుంటే ప్రాథమిక స్థాయిలో వారి మాతృభాషలో చెప్పే ఉపాధ్యాయుణ్ని ఇవ్వాలన్నదే ఆ లెక్క. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణ మాతృభాషలో ప్రాథమిక విద్యకు సదుపాయాలు కల్పించే ప్రయత్నం చేయాలని రాష్ట్రాలకు చెప్పింది. ఈ హక్కులన్నీ చివరికి హాజరుపట్టీలోని అంకె మీదే నిలబడతాయి. పదికీ తొమ్మిదికీ మధ్య తేడా ఏమిటో తెలుగు సెక్షన్ నడిపే ప్రతి ఉపాధ్యాయుడికీ తెలుసు. అందుకే మన వెబ్‌సైటు తల్లిదండ్రుల ఫోనుకు సరిగా చేరుతున్నదా లేదా అన్నది కంప్యూటరు మాస్టారికి వదిలేసే విషయం కాదని మేము అంటున్నాం. అది యాజమాన్య సంఘం సమావేశంలో చర్చకు రావలసిన విషయం.

చెన్నై వీధుల్లో తిరిగినవారు ఇళ్ల గోడల మీద 'పాత నం., కొత్త నం.' అని రెండు అంకెలు చూసే ఉంటారు. ఉత్తరం ఏ నంబరుతో వచ్చినా ఇంటికి చేరాలని అలా రెండూ రాయిస్తారు. ఇంటర్నెట్‌లోనూ ఇప్పుడు సరిగ్గా అదే పరిస్థితి. ప్రతి వెబ్‌సైటుకూ మనం టైపు చేసే పేరు వెనుక ఒక అంకెల చిరునామా ఉంటుంది. పాత పద్ధతి చిరునామాను ఐపీవీ4 అంటారు. కొత్త పద్ధతి ఐపీవీ6. మన బడి గోడ మీద ఈ రెండు నంబర్లూ ఉన్నాయా? చాలా బడుల వారిని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

పాత నంబర్లు ఎందుకు చాలకుండా పోయాయో తెలుసుకుంటే మిగతాది సులువుగా అర్థమవుతుంది. 1981లో ఖరారైన ఐపీవీ4లో చిరునామా పొడవు 32 బిట్లు. ఆ లెక్కన మొత్తం చిరునామాలు సుమారు 429 కోట్లు. కొన్ని విశ్వవిద్యాలయాలు, ప్రయోగశాలలు కలుపుకుంటున్న రోజుల్లో అది తరగని నిధిలా కనిపించింది. ఇవాళ మన దేశంలో ఇంటర్నెట్ వాడేవారే 80 కోట్లకు పైగా ఉన్నారు. మనకు దక్కిన పాత చిరునామాలు మాత్రం సుమారు 4 కోట్లు. ముందు వచ్చినవారు కట్టలు కట్టలుగా తీసుకున్నారు, తర్వాత వచ్చిన దేశాలకు అడుగున మిగిలినవి అందాయి. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ భాండాగారంలోని చివరి ఐదు కట్టలను ఐదు ఖండాంతర రిజిస్ట్రీలకు పంచేశారు. అదే ఏడాది ఏప్రిల్ 15 నాటికి మన ఆసియా-పసిఫిక్ ప్రాంతం తన ఆఖరి కట్టకు వచ్చేసింది. మిగతా ప్రాంతాల కంటే ముందు కొరత తగిలింది మనకే.

ఈ కొరత రాబోతోందని నిపుణులు 1990ల్లోనే గ్రహించారు. ఐపీవీ6 తొలి నిర్దేశం 1995 డిసెంబరులో వచ్చింది. దాని చిరునామా పొడవు 128 బిట్లు. మొత్తం ఎన్ని చిరునామాలంటే 340 పక్కన 36 సున్నాలు పెట్టుకోవాలి. 2012 జూన్ 6న పెద్ద వెబ్‌సైట్లు, నెట్‌వర్క్ కంపెనీలు కలిసి కొత్త పద్ధతిని శాశ్వతంగా మొదలుపెట్టాయి. చిక్కు ఏమిటంటే, పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ నేరుగా మాట కలవదు. కొత్త నంబరు మాత్రమే ఉన్న పరికరం, పాత నంబరు మాత్రమే ఉన్న వెబ్‌సైటుతో తనంతట తాను మాట్లాడలేదు. మధ్యలో దుబాసీ కావాలి.

మన తల్లిదండ్రుల్లో కంప్యూటరు ముందు కూర్చుని వెబ్‌సైటు చూసేవారు కొద్దిమందే. మిల్లులో, కొట్టులో, పొలంలో పనిచేస్తూ ఫోనులోనే చూస్తారు. మన దేశపు మొబైల్ నెట్‌వర్క్‌లు కొత్త పద్ధతిలో ప్రపంచంలోనే ముందు వరుసలో ఉన్నాయి. 2016లో 4జీ సేవ మొదలుపెట్టిన జియో తొలి నుంచీ ఐపీవీ6ను పెద్ద ఎత్తున వాడింది, మిగతా కంపెనీలూ ఆ దారి పట్టాయి. తన సేవలకు వచ్చేవారిలో ఎంతమంది ఐపీవీ6 మీద వస్తున్నారో గూగుల్ ప్రచురిస్తూ ఉంటుంది. ప్రపంచ సగటు సగానికి దగ్గరలో ఉంటే, మన దేశంలో అది మూడింట రెండు వంతులు, లేదా అంతకు మించి. అంటే తల్లిదండ్రుల చేతిలోని ఫోను కొత్త నంబరుకు ఎప్పుడో మారిపోయింది. వెనకబడి ఉన్నది మన బడి గోడ.

అయినా ఇన్నాళ్లూ వెబ్‌సైటు తెరుచుకుంటూనే ఉంది కదా అని అడుగుతారు. నిజమే. పాత నంబరు మాత్రమే ఉన్న వెబ్‌సైటు కూడా ఫోనులో తెరుచుకుంటుంది. మొబైల్ కంపెనీ తన నెట్‌వర్క్‌లో దుబాసీ యంత్రాలను పెట్టింది కాబట్టి తెరుచుకుంటుంది. ఫోను కొత్త పద్ధతిలో పంపిన మాటను ఆ యంత్రం పాత పద్ధతిలోకి మార్చి మన సర్వర్‌కు చేరవేస్తుంది, జవాబును మళ్లీ తిప్పి ఫోనుకు ఇస్తుంది. దుబాసీ అన్న మాట మనకు కొత్తది కాదు. కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో చేసిన ఉద్యోగం అదే. ఇతర భాష రాష్ట్రంలో తరతరాలుగా బతుకుతున్న మనకు దుబాసీ విలువ తెలుసు. దుబాసీ మీదే పూర్తిగా ఆధారపడితే వచ్చే ఇబ్బందీ తెలుసు. తాలూకా ఆఫీసులో మన అర్జీని ఇంకొకరు చదివి చెప్పడానికీ, మనమే చెప్పుకోవడానికీ ఉన్న తేడా అది.

నెట్‌వర్క్ దుబాసీతో వచ్చే ఇబ్బంది ఇలా ఉంటుంది. వందల, వేల ఫోన్ల మాటలు ఒక్క పాత నంబరు మీదుగా బయటికి వస్తాయి. మన సర్వర్‌కు కనిపించేది ఆ ఒక్క నంబరే. ఫలితాలు పెట్టిన ఉదయం ఒకేసారి ఎక్కువమంది తల్లిదండ్రులు వస్తే, సర్వర్‌కు కాపలా కాసే సాఫ్ట్‌వేర్ 'ఒకే నంబరు నుంచి ఇన్నిసార్లా, ఎవరో దాడి చేస్తున్నారు' అనుకుని ఆ నంబరుకు తలుపు మూసేయవచ్చు. తలుపు మూసింది ఒక్కరికే అనుకుంటుంది, మూతపడింది మాత్రం ఆ నంబరు వెనుక ఉన్న అందరికీ. ఎక్కడో తెలియని మనిషి అదే నంబరు చాటున చేసిన అల్లరికీ మన తల్లిదండ్రులే మూల్యం చెల్లిస్తారు. కొత్త నంబరుతో నేరుగా వస్తే ఎవరి గుర్తింపు వారిదే, ఎవరి దారి వారిదే.

అయితే కొత్త నంబరు రాయించడం ఎంత ముఖ్యమో, సరిగా రాయించడం అంతకంటే ముఖ్యం. మా బడి అనుభవం దానికి సాక్ష్యం. ఒక ఏడాది మా యాజమాన్య సంఘం వెబ్‌సైటును ఒక హోస్టింగ్ సంస్థ నుంచి మరొక సంస్థకు మార్పించింది. కొత్త సంస్థ వారు పాత పద్ధతి చిరునామాను మాత్రం మార్చి, ఐపీవీ6 చిరునామాను అలాగే వదిలేశారు. మొదటి సంస్థ దగ్గర గడువు ఇంకా రెండు నెలలుంది. అందువల్ల ఆ సర్వర్‌లో నిరుటి పేజీలు బతికే ఉన్నాయి. బడి ఆఫీసులోని బ్రాడ్‌బ్యాండ్‌కు పాత పద్ధతి ఒక్కటే తెలుసు. అందుకని ఆఫీసు కంప్యూటరులో ఆ ఏటి ప్రవేశాల ప్రకటన చక్కగా కనిపించింది. ఫోన్లు మాత్రం కొత్త నంబరు చూసుకుని ఖాళీ చేసిన ఇంటికి వెళ్లాయి. అక్కడ నిరుటి ప్రకటన, నిరుటి ఆఖరి తేదీ.

తల్లిదండ్రులు ఫోను చేసి 'తేదీ దాటిపోయిందటగా సార్' అన్నారు. సంస్థవారిని అడిగితే 'మా దగ్గర బాగానే ఉంది' అని తెర ఫొటో పంపారు. ఎవరికి కనిపించింది వారికి నిజం. నెట్‌వర్క్ ఉద్యోగం చేస్తున్న పూర్వ విద్యార్థి ఒకరు చూసి అసలు సంగతి చెప్పేటప్పటికి పన్నెండు రోజులు గడిచాయి. ఈలోగా మూడు కుటుంబాలు పిల్లల్ని వేరే బడిలో చేర్పించి ఫీజు కట్టేశాయి. ముగ్గురంటే, ఒకటో తరగతి తెలుగు సెక్షన్‌లో ముగ్గురు. ఆ అంకె బరువు ఈ పేజీ చదివేవారికి మేము విడిగా చెప్పనక్కర్లేదు.

కనుక హోస్టింగ్ గడువు పొడిగించేటప్పుడో, సంస్థ మార్చేటప్పుడో, కొత్తగా వెబ్‌సైటు పెట్టేటప్పుడో ప్రతి బడీ కొన్ని ప్రశ్నలు రాతపూర్వకంగా అడగాలి. మాకు ఇచ్చే సర్వర్‌కు ఐపీవీ6 చిరునామా ఉందా? ఇది మొదటి ప్రశ్న. ఉంటే, మా డొమైన్ రికార్డుల్లో దాన్ని చేర్చారా అన్నది రెండోది. పేరును పాత నంబరుకు కలిపే రికార్డును 'ఏ' రికార్డు అనీ, కొత్త నంబరుకు కలిపేదాన్ని 'క్వాడ్-ఏ' రికార్డు అనీ అంటారు. ఆ రెండు మాటలూ వాడి అడిగితే అవతలివారు దాటవేయలేరు. పేరుకు ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ పెట్టినా, పెట్టకపోయినా రెండు రూపాలకూ ఈ రికార్డు ఉండాలి. సర్వర్‌లోని సాఫ్ట్‌వేర్ కొత్త నంబరు మీద వచ్చే పిలుపుకు నిజంగా పలుకుతున్నదా, ఫైర్‌వాల్ నియమాలు ఐపీవీ6కు కూడా విడిగా రాశారా అన్నది మూడో ప్రశ్న. కొన్ని సర్వర్లలో పాత పద్ధతికి రాసిన కాపలా నియమాలు కొత్తదానికి వాటంతటవే వర్తించవు. అలాంటి చోట విడిగా రాయకపోతే తలుపు బిగుసుకుపోయైనా ఉంటుంది, బార్లా తెరిచైనా ఉంటుంది. ఇక నాలుగోది, సంస్థ మారినప్పుడు రెండు రికార్డులూ ఒకేసారి మార్చే బాధ్యత ఎవరిది? ఆ పేరు ఒప్పందంలో ఉండాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. సర్వర్ పలకడం మొదలుపెట్టాకే క్వాడ్-ఏ రికార్డు పెట్టించాలి. ముందే పెట్టేస్తే లేని ఇంటికి నంబరు పలక తగిలించినట్టే. కొత్త నంబరు పలకకపోతే ఇవాళ్టి బ్రౌజర్లు చాలావరకు కాసేపు చూసి పాత నంబరుకు మళ్లుతాయి. మా బడి విషయంలో జరిగినట్టు వేరే సర్వర్ పలికితే మాత్రం అవి మళ్లవు, పలికినదాన్నే నమ్ముతాయి. అలాగే మన పేజీల్లో ఎక్కడైనా పేరుకు బదులు అంకెల చిరునామాతో లింకులు రాసి ఉంటే వాటిని పేరుతో తిరగరాయించాలి. అంకెల లింకులు కొన్ని నెట్‌వర్క్‌లలో తెరుచుకోవు.

పరీక్షించడానికి ఇంజనీరు అక్కర్లేదు. ప్రతి ప్రకటన పెట్టిన రోజున ఆఫీసు కంప్యూటరులో ఒకసారి, వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద రెండు వేర్వేరు కంపెనీల ఫోన్లలో ఒక్కోసారి చూడాలి. మూడు చోట్లా ఒకే తేదీ కనిపిస్తే సరే. తేడా ఉంటే రెండు తెరల ఫొటోలూ తీసి హోస్టింగ్ సంస్థకు పంపాలి. వెబ్‌సైటు పేరు ఇస్తే ఐపీవీ6 మీద అందుతున్నదో లేదో ఉచితంగా చెప్పే పరీక్షా సేవలూ ఇంటర్నెట్‌లో ఉన్నాయి. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఈ పని అప్పగిస్తే ఉత్సాహంగా చేస్తారు. పాఠం కూడా అవుతుంది.

ఖర్చు మాటేమిటని సంఘం కోశాధికారులు అడుగుతారు, అడగాలి కూడా. లెక్క మనకు అనుకూలంగానే ఉంది. ఇప్పుడు ధర పలుకుతున్నది కొరతలో ఉన్న పాత నంబరుకే. అమెజాన్ క్లౌడ్ సేవ 2024 ఫిబ్రవరి 1 నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 చిరునామాకు గంటకు అర సెంటు వసూలు చేస్తోంది. నెలకు సుమారు 3.6 డాలర్లు, అంటే 300 రూపాయలకు అటూ ఇటూ. ఐపీవీ6 చిరునామాకు ఆ రుసుం లేదు. మన హోస్టింగ్ సంస్థ 'ఐపీవీ6కు అదనంగా ఇవ్వాలి' అంటే కారణం గట్టిగా అడగవచ్చు. 'మా దగ్గర లేనే లేదు' అంటే వచ్చే ఏడాది వేరే సంస్థను చూసుకోవచ్చు. వెంటనే మారడం కుదరకపోతే, క్లౌడ్‌ఫ్లేర్ వంటి సేవను ఉచిత పథకంలోనే వెబ్‌సైటు ముందు నిలబెట్టుకునే దారి ఉంది. మన సర్వర్‌కు పాత నంబరు మాత్రమే ఉన్నా, వచ్చేవారిని అది రెండు నంబర్ల మీదా అందుకుంటుంది. అదీ ఒక రకంగా మధ్యవర్తే కాబట్టి దీన్ని తాత్కాలిక ఏర్పాటుగానే చూడాలని మా సలహా.

'ప్రభుత్వాలే పూర్తిగా మారలేదు, చిన్న బడికి ఎందుకు తొందర' అనే మాట కూడా వింటుంటాం. కేంద్ర టెలికం శాఖ తొలి జాతీయ మార్గసూచిని 2010 జూలైలో, రెండోదాన్ని 2013 మార్చిలో విడుదల చేసింది. ప్రభుత్వ సంస్థలు 2017 డిసెంబరుకల్లా మారాలని రెండోది చెప్పింది. తర్వాత ఆ గడువు పొడిగించారు. పెద్ద ఆఫీసులకు వేల కంప్యూటర్లు, పాతబడిన సాఫ్ట్‌వేర్లు, టెండర్లు అడ్డుపడతాయి. మన బడికి ఉన్నది ఒక్క వెబ్‌సైటు, పట్టుమని యాభై పేజీలు. ఇక్కడ చిన్నగా ఉండటమే మనకు కలిసొచ్చే సంగతి. పెద్దవారికి ఏళ్లు పట్టే పని మనకు ఒక మధ్యాహ్నంతో తెమిలిపోతుంది.

పాత నంబరును తీసేయమని మేము అనడం లేదు. మా ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్ లాంటివి ఇంకా పాత దారిలోనే ఉన్నాయి. కొన్నేళ్లపాటు రెండూ ఉండాలి. మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీయో మాట్లాడి రెండు చోట్లా సొంతవారుగా మెలగడం లేదా? ఆ పద్ధతే వెబ్‌సైటుకూ కావాలి. ఎవరు ఏ దారిన వచ్చినా వారి దారిలోనే పలకాలి.

ఈ పేజీ చదివే తల్లిదండ్రులను మేము కోరేది ఒకటే. ఈసారి బడి సమావేశానికి వెళ్లినప్పుడు 'మన వెబ్‌సైటుకు ఐపీవీ6 ఉందా' అని లేచి అడగండి. ఉపాధ్యాయ మిత్రులు ఆ ప్రశ్నను మినిట్స్ పుస్తకంలో రాయించి, హోస్టింగ్ సంస్థ ఇచ్చిన జవాబును దాని కిందే అంటించండి. ప్రవేశాల ప్రకటన సిద్ధం చేయడానికి ముందే ఈ పని పూర్తి కావాలి. జూన్‌లో హాజరుపట్టీ తెరిచాక కనిపెట్టినా సెక్షన్‌కు ఉపయోగం లేదు.